రెండోసారి వచ్చినవాళ్లు

నోయిడాలో ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకి కాస్త నడుం వాల్చే వేళ రోజులో ఒక్కటే. పొద్దున ఆరింటికి మొదలైన ఊడ్పులూ, తడిగుడ్డలూ, అంట్లూ మధ్యాహ్నం ఒకటిన్నరకి ఓ కొలిక్కి వస్తాయి. నాలుగింటికి మళ్లీ సాయంత్రం వంటలు. ఆ మధ్యలో కొందరు ఇంటికి పరిగెత్తి, బడి నుంచి వచ్చిన పిల్లలకి ఇంత అన్నం పెట్టి వస్తారు. బరోలా, సర్ఫాబాద్, సోర్ఖా దాకా పోయి రావడానికి ఇ-రిక్షా డబ్బులు దండగ అనుకునేవాళ్లు తాము పనిచేసే అపార్టుమెంట్ల సొసైటీ గేటుకి ఎదురుగా ఫుట్‌పాత్ మీద, ఏ చెట్టు నీడనో చున్నీ పరుచుకుని కూర్చుంటారు. నా పని ఎక్కువగా జరిగేది ఆ రెండున్నర గంటల్లోనే.

నేను ఇంటిపనివాళ్ల సంఘంలో పూర్తికాలం కార్యకర్తని. ఇక్కడివాళ్లు నన్ను ‘యూనియన్ వాలీ దీదీ’ అంటారు. సొంతూరు నెల్లూరు జిల్లా. హిందీ ఈ ఊరొచ్చాకే నేర్చుకున్నాను, బెంగాలీ ఇప్పటికీ నేర్చుకుంటున్నాను. మా సభ్యుల్లో ఎక్కువమంది మాల్దా, ముర్షిదాబాద్, కూచ్‌బెహార్ వాళ్లు. బీహార్, ఝార్ఖండ్, బుందేల్‌ఖండ్ నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఒకే గదిలో నాలుగు భాషలు వినిపిస్తాయి. నా తెలుగు యాస హిందీ విని వాళ్లు నవ్వుకుంటారు, ఆ నవ్వుతోనే నా పని సగం తేలికైపోతుంది.

సంఘం పెట్టడమే కష్టమని చాలామంది అనుకుంటారు. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం దరఖాస్తు మీద అడిగింది ఏడు సంతకాలే. ఏడుగురిని కూర్చోబెట్టి సంతకాలు పెట్టించడం పెద్ద విషయమేమీ కాదు. ఎనిమిదో మనిషి రావాలి, వచ్చినామె మరుసటి వారం కూడా రావాలి. ఈ వృత్తిలో నా చాకిరీ అంతా ఆ రెండోసారి రావడం చుట్టూనే తిరిగింది. మొదటిసారి జనం రకరకాల కారణాలతో వస్తారు. పక్కింటామె లాక్కొస్తుంది, జీతం ఎగ్గొట్టినందుకు కడుపు మండి వస్తారు, కార్డు ఇస్తారట అని విని వస్తారు. రెండోసారి మాత్రం ఎవరి కాళ్ల మీద వాళ్లు నడిచి రావాలి.

ఈ పనిలోకి కొత్తగా దిగిన కుర్రకారు, ఆదివారం మీటింగ్ పెడదామా అని అడుగుతారు. ఆదివారం కోఠీల్లో, అంటే వీళ్లు పనిచేసే ఇళ్లలో, అందరూ ఇంట్లోనే ఉంటారు, చుట్టాలొస్తారు, గిన్నెలు రెట్టింపవుతాయి. నెలకి రెండు సెలవులు దొరికితే గొప్ప, అవి కూడా ఆదివారం ఇవ్వరు. అందుకని మా మీటింగులు మామూలు రోజుల్లో, మధ్యాహ్నం రెండింటికి. మూడున్నరకి ముగిసిపోవాలి. మాట మధ్యలో ఉన్నా సరే లేచిపోతాం. ఆలస్యమై సాయంత్రం కోఠీలో చీవాట్లు తిన్న మనిషి వచ్చే వారం రాదు.

2017 జులై 12న సెక్టార్ 78లో జరిగింది పేపర్లు చదివేవాళ్లకి గుర్తుండే ఉంటుంది. పనికెళ్లిన ఒకామె రాత్రి ఇంటికి తిరిగి రాలేదు. తెల్లారేసరికి ఆమె ఇంటివాళ్లూ, బస్తీవాళ్లూ వందలమంది ఆ సొసైటీ గేటు ముందు పోగయ్యారు. రాళ్లు పడ్డాయి, పోలీసులొచ్చారు. దొంగతనం చేసిందని ఇంటివాళ్లు, కొట్టి నిర్బంధించారని ఆమె తరఫువాళ్లు, ఎవరి మాట వాళ్లు చెప్పారు. బస్తీ మగవాళ్లు పదిమందికి పైగా జైలుకెళ్లారు. సొసైటీకి ఎదురుగా ఉన్న చిన్న దుకాణాలు కొద్దిరోజుల్లోనే నేలమట్టమయ్యాయి. బెంగాల్ నుంచి వచ్చినవాళ్లందరి మీదా బంగ్లాదేశీ అనే ముద్ర పడింది.

ఆ పొద్దున వచ్చినంత జనాన్ని ఏ సంఘమూ పిలిచి రప్పించలేదు. కానీ వారం తిరిగేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు. కొందరు వేరే సొసైటీల్లో పని చూసుకున్నారు, కొందరు ఊరెళ్లిపోయారు, మిగిలినవాళ్లు నోరు విప్పడం మానేశారు. కోపం జనాన్ని ఒక్కచోటికి తెస్తుంది. వాళ్లు ఇళ్లకి తిరిగెళ్లాక తలుపు తట్టి, ఎలా ఉన్నావమ్మా అని అడిగే మనిషి లేకపోతే ఆ కోపం భయంగా మారిపోతుంది. 1980లో పుణెలో ఇంటిపనివాళ్లు ముందు సమ్మెకి దిగారు, ఆ సమ్మెలోంచే పుణె శహర్ మోల్‌కరీణ్ సంఘటన పుట్టింది. ఆ సంఘం దశాబ్దాలు నిలబడిందంటే సమ్మె ముగిశాక కూడా ఎవరో ఇల్లిల్లూ తిరిగి ఉండాలని నా నమ్మకం.

కొత్తామె మొదటిసారి మీటింగుకి వచ్చినప్పుడు ఎక్కడ కూర్చుంటుందో చూస్తాను. దాదాపు ప్రతిసారీ గుమ్మం పక్కనే. చెప్పులు తన కంటికి కనబడేచోట విడుస్తుంది. ఫోను చేతిలోనే ఉంటుంది, మేడం నుంచి ఫోన్ వస్తే లేచి వెళ్లడానికి వీలుగా. మా మీటింగులు జరిగేది సభ్యుల అద్దె గదుల్లో. వరసగా పది గదులు, అందరికీ ఒకటే కుళాయి, మంచం ఎత్తి గోడకి ఆనిస్తే తప్ప పదిహేను మంది పట్టరు. అంత ఇరుకులోనూ ఆమెకీ మిగతావాళ్లకీ మధ్య ఓ జానెడు ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో వెళ్లి కూర్చునే మనిషిని మేం ముందే అనుకుని ఉంచుతాం.

ఆ మనిషి నేను కాదు. కొత్తామెని వెంటబెట్టుకొచ్చిన ఆమె కూడా కాదు. కొత్తామె పనిచేసే సొసైటీలోనే పనిచేసేది, అందునా ఈమధ్యే చేరినది. మాలో దాన్ని జోడీ అంటాం. రేపు పొద్దున సర్వీస్ లిఫ్టు దగ్గర ఇద్దరూ ఎదురుపడతారు, గేటు దగ్గర కార్డు చూపించే వరసలో ఒకరి వెనక ఒకరు నిలబడతారు. నేను వారానికోసారి కనబడే మనిషిని, జోడీ రోజూ కనబడేది. పైగా మొన్నమొన్న చేరిన మనిషికి ఆ గుమ్మం పక్కన కూర్చున్న బెరుకు ఇంకా గుర్తుంటుంది. పదేళ్ల సభ్యురాలికి అది ఎప్పుడో మరుపైపోయింది.

మొదటి రోజు మేం ఎవర్నీ ‘నీ కష్టం చెప్పు’ అని అడగం. బయటి సంస్థలవాళ్లు వచ్చినప్పుడు సరిగ్గా అదే అడుగుతారు, పైగా రికార్డు చేస్తారు. జీతం కోసేశారనో, దొంగతనం అంటగట్టారనో మనసులో పెట్టుకుని వచ్చిన మనిషి, పరిచయం లేని పదిహేను మంది ముందు దాన్ని ఎందుకు విప్పుతుంది? ఆ పదిహేను మందిలో ఒకామె అదే మేడం దగ్గర సాయంత్రం వంట చేస్తూ ఉండొచ్చు. అందుకని ఏ ఊరు, వచ్చి ఎన్నాళ్లయింది, పిల్లలు ఊళ్లో ఉన్నారా ఇక్కడున్నారా, ఏ టవర్లో పని, ఇవే మాటలు. ఫొటోలు తీయం. ఇది కచ్చితమైన నియమం. ఇప్పుడు సొసైటీల గేట్లన్నీ యాప్‌ల మీద నడుస్తున్నాయి. ఒక్క ఇంటివాళ్లు పేరు తీసేస్తే గార్డు కార్డు లాగేసుకుంటాడు, ఆ మనిషికి ఆ గేటు లోపల ఉన్న ఐదారు ఇళ్ల పనీ ఒక్క పూటలో పోతుంది. సంఘం ఫొటో వాట్సాప్‌లో తిరిగితే దాని ధర కట్టేది ఫొటో తీసినవాళ్లు కాదు.

ఇక రెండోసారి సంగతి. మాల్దా నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉంది. చిన్న వయసు, ఇద్దరు పిల్లలు, మూడు ఇళ్లలో అంట్లూ తుడుపూ. మొదటి మీటింగంతా తల దించుకునే కూర్చుంది. ఆ రోజు ఈ-శ్రమ్ కార్డుల మాట వచ్చింది. అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేయడానికి 2021 ఆగస్టు 26న కేంద్రం తెచ్చిన పోర్టల్ అది. ఆధార్‌కి ఫోన్ నంబరు జతపడి ఉండాలి, ఓటీపీ రావాలి, బ్యాంకు ఖాతా ఉండాలి. సగం మందికి ఆధార్ ఊళ్లో ఎవరిదో నంబరుతో ఉంటుంది, ఆ నంబరు ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. తన టవర్లో పనిచేసేవాళ్లలో ఎవరి ఆధార్‌కి ఏ నంబరు ఉందో కనుక్కుని రాసుకురమ్మని ఆ అమ్మాయిని అడిగాను.

“నాకు హిందీ రాయడం రాదు దీదీ” అంది.

“బెంగాలీలో రాయి.”

“మీరు చదవలేరుగా?”

“నువ్వొచ్చి చదివి వినిపించు.”

మరుసటి వారం వచ్చింది. పిల్లాడి నోటుబుక్కులోంచి చింపిన కాగితం, నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దాచుకుని తెచ్చింది. లేచి నిలబడి ఒక్కో పేరూ చదివింది. ఒక పేరు దగ్గర ఆగి, “ఈమెకి ఫోనే లేదు, ఫోను మొగుడి దగ్గర ఉంటుంది, ఓటీపీ ఆయన చెప్పడు” అంది. గదిలో ముగ్గురు నలుగురు, మా ఇంట్లోనూ అంతే అన్నారు. ఆ పూట మీటింగు ఆ మాట మీదే నడిచింది. ఆ అమ్మాయి సంఘం ఆశయాలు నచ్చి రెండోసారి రాలేదు. తను రాకపోతే ఆ కాగితం చదివేవాళ్లు లేరు కాబట్టి వచ్చింది. ఇప్పుడు ఆ సొసైటీ సభ్యత్వాల లెక్కంతా ఆమె చేతిలోనే ఉంది, బెంగాలీలోనే.

కొత్తవాళ్లకి పని అప్పగించడంలో ఒక తేడా ఉంది. చాప పరచమనో, టీ కప్పులు కడగమనో చెబితే అది పొద్దుటినుంచీ నాలుగిళ్లలో చేసొచ్చిన పనే. అంట్లు తోమి వచ్చిన మనిషి చేత సంఘంలోనూ అంట్లు తోమించకూడదు. మా గదిలో కప్పులు పాత సభ్యులు కడుగుతారు. కొత్తామెకి ఇచ్చే పని ఆమె లేకపోతే ఆగిపోయేదై ఉండాలి, ఆమెకి చేతనైనదై ఉండాలి, వారంలో తేలిపోవాలి. ఈ మూడూ కుదిరే పని వెతకడానికి నాకు ఒక్కోసారి మీటింగు కంటే ఎక్కువ సమయం పడుతుంది.

మనిషికి తనదైన పని ఇచ్చి నిలుపుకోవాలన్న ఈ ఆలోచన నాకు పుస్తకాల్లో దొరకలేదు, మా జిల్లాలో దొరికింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో చదువుల ఉద్యమం నడిచింది. పగలంతా పొలాల్లో ఒళ్లు వంచిన ఆడవాళ్లు రాత్రిపూట లాంతరు కింద అక్షరాలు దిద్దారు. కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మతోపాటు ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన సంగతి మిగతా ఊళ్లలో ఆ రాత్రి బడుల్లో పాఠంగా చదువుకున్నారు. చదివి, తమ ఊళ్లో సారా బండిని ఆపారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఈ కథ అందరికీ తెలుసు. దాని తర్వాతి భాగం గురించి అంతగా చెప్పుకోరు. సారా పోయాక ఆ ఆడవాళ్లు రోజుకి రూపాయి చొప్పున పక్కన పెట్టి పొదుపు లక్ష్మి గ్రూపులు కట్టారు. ఉద్యమం ముగిశాక మనుషులు చెదిరిపోకుండా కలిపి ఉంచింది ఆ రూపాయే.

మా అమ్మ అలాంటి గ్రూపులోనే ఉండేది. ఊరేగింపుల గురించి అమ్మ పెద్దగా మాట్లాడేది కాదు. పొదుపు పుస్తకం గురించి మాత్రం ఎంత చెప్పినా తనివి తీరేది కాదు. ఆ నెల పుస్తకం ఎవరింట్లో ఉంటే మీటింగు వాళ్లింట్లో. పుస్తకం మా ఇంటికొచ్చిన నెలలో అమ్మ ముందురోజే వాకిలి అలికి, ముగ్గేసి, చాపలు అడిగి తెచ్చేది. మాలపల్లె నుంచి వచ్చిన సభ్యురాలు మా వసారాలో మిగతావాళ్ల పక్కన కూర్చోవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. ఎవరింట్లో మీటింగు జరిగితే వాళ్లు ఆ పూటకి సంఘానికి యజమానురాలు. యజమానురాలైన మనిషి మానేయదు.

చాలా ఏళ్ల తర్వాత అమెరికా రైతు కూలీల సంఘం చరిత్ర చదువుతుంటే ఇదే పద్ధతి కనబడి ఆశ్చర్యపోయాను. 1952లో ఫ్రెడ్ రాస్ అనే కార్యకర్త కాలిఫోర్నియాలోని శాన్‌హోసేలో సీజర్ చావెజ్‌ని కలిశాడు. రాస్ పెద్ద సభలు పెట్టేవాడు కాదు. ఒక ఇంట్లో నలుగురైదుగురితో కూర్చునేవాడు, వాళ్లలో ఒకరు తమ ఇంట్లో మరో నలుగురిని పిలవాలి, అలా ఇంటినుంచి ఇంటికి. చావెజ్ ఆ పద్ధతి పట్టుకుని 1962లో డెలానోలో సంఘం కట్టాడు. పొలాల్లో కూలి చేసుకునేవాళ్ల దగ్గర నెలకి మూడున్నర డాలర్ల చందా వసూలు చేశాడు. ఆ రోజుల్లో వాళ్లకి అది చిన్న మొత్తం కాదు. చందా కట్టిన మనిషి సంఘాన్ని తనదనుకుని నిలదీస్తుందన్నది నా అనుభవం కూడా. అందుకే మేమూ చందా మానలేదు. కొద్ది మొత్తమే, కానీ రసీదు లేకుండా ఒక్క రూపాయి కూడా తీసుకోం.

అయితే ఈ చందా దగ్గరే మనుషులు జారిపోతారు. ఈద్‌కో, దుర్గాపూజకో, ఛఠ్‌కో, కోతలకో ఊరెళ్లిన సభ్యురాలు రెండు మూడు నెలలకి తిరిగొస్తుంది. వచ్చాక గల్లీలో ఎదురుపడితే పలకరించకుండా మొహం తిప్పుకుని పోతుంది. సంఘం మీద కోపమొచ్చిందేమో అనుకుంటాం. కోపం ఏమీ ఉండదు, మూడు నెలల చందా బాకీ ఉంటుంది. కిరాణా కొట్లో బాకీ పడ్డ మనిషి ఆ వీధిలోంచి నడవనట్టే ఇదీను. అందుకని మా సంఘంలో పాత బాకీ అనే మాటే తీసేశాం. ఎన్ని నెలలు లేకపోయినా వచ్చిన నెల నుంచే లెక్క. కొందరు పాత సభ్యులు ఒప్పుకోలేదు, మేం మానకుండా కట్టాం కదా, వాళ్లకెందుకు మాఫీ అన్నారు. వాళ్ల మాటలో న్యాయం లేకపోలేదు. అయినా అద్దె గదులు ఏటా మారుతూ, ఊరికీ నోయిడాకీ మధ్య తిరిగే మనుషులతో సంఘం నడపాలంటే తిరిగొచ్చే దారి ఎప్పుడూ తెరిచి ఉండాలి. పేరు రిజిస్టరులోంచి కొట్టెయ్యం, పక్కన ‘ఊళ్లో ఉంది’ అని రాస్తాం.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు సొసైటీలు గేట్లు మూసేశాయి. కొందరు మేడంలు నెలనెలా జీతం పంపారు, వాళ్లకి ఇప్పటికీ దండం పెడతాను. చాలామంది పంపలేదు. బియ్యం, పప్పు, నూనె సంచుల కోసం సంఘం దగ్గరికి ఒక్కసారిగా ఎంతమంది వచ్చారో! జాబితాలు రాసి రాసి చేతులు నొప్పెట్టాయి. గేట్లు తెరిచాక వాళ్లలో ఎక్కువమంది మళ్లీ కనబడలేదు. ‘తిండి కోసం వచ్చినవాళ్లు, తిండి అయిపోయాక పోయారు’ అని మా వాళ్లే అన్నారు. ఆ మాట నాకు బాధ కలిగించింది. ఆకలి వేసినప్పుడు సంఘం గుర్తొచ్చిందంటే అది సంఘానికి గౌరవమే కదా. కాకపోతే ఒకటి గమనించాను. సంచీ తీసుకుని వెళ్లినవాళ్లు నిలవలేదు. బియ్యం తూచినవాళ్లు, వరసలు నిలబెట్టినవాళ్లు, నడవలేని ముసలమ్మల ఇంటికి సంచులు మోసుకెళ్లినవాళ్లు చాలావరకు నిలిచారు. వాళ్లూ ఆకలితో వచ్చినవాళ్లే. సాయం తీసుకున్న చేతికి వెంటనే సాయం చేసే అవకాశం ఇస్తే మనిషి తలెత్తుకుని తిరుగుతుంది. అప్పటినుంచి ఏ సాయం పంచినా, పంచే పనిలో కనీసం సగం మంది తీసుకునేవాళ్లే ఉండేలా చూస్తాం.

పాత సభ్యుల మాట ఎత్తకుండా కొత్తవాళ్ల గురించి రాస్తే అది సగం మాటే అవుతుంది. వాళ్లు 2017 చూశారు, లాక్‌డౌన్ చూశారు, పోలీస్ స్టేషన్ బెంచీల మీద రాత్రుళ్లు కూర్చున్నారు. వాళ్లు లేకపోతే సంఘం లేదు. కానీ ప్రతి మీటింగులోనూ ‘అప్పుడు మేం ఎలా నిలబడ్డామో తెలుసా’ అంటూ వాళ్లు మొదలుపెడితే, గుమ్మం పక్కన కూర్చున్న ఆమెకి వినబడేది ‘అప్పుడు నువ్వు లేవు’ అనే. ఇంకోటి, ముగ్గురు నలుగురు పాతవాళ్లు ముందురోజే టీ తాగుతూ అన్నీ తేల్చుకుంటారు. మీటింగులో చర్చ అంటూ జరుగుతుంది గానీ ఏం తేలాలో వాళ్లకి ముందే తెలుసు. 1970ల మొదట్లో అమెరికా స్త్రీవాద కార్యకర్త జో ఫ్రీమన్ దీని మీదే ఒక వ్యాసం రాసింది. మాకు నాయకులు లేరు, మేమంతా సమానం అని చెప్పుకునే గుంపుల్లోనే కంటికి కనబడని నాయకత్వం గట్టిగా పాతుకుంటుందని, ఎవరు నిర్ణయిస్తున్నారో తెలియక కొత్తవాళ్లు బయటే ఉండిపోతారని ఆమె వాదన. మా పదడుగుల గదికి ఆ వ్యాసం అచ్చంగా సరిపోయింది.

మేం చేసిందేమిటంటే, రసీదు పుస్తకం, రిజిస్టరు, గది తాళంచెవి ఒకరి దగ్గరే ఉండకుండా తిప్పడం మొదలుపెట్టాం. ఏ విషయం ఎవరు, ఎప్పుడు తేల్చారో గోడ మీద అట్టముక్కపై రాస్తాం. చదవడం రానివాళ్లకి మీటింగు మొదట్లో ఒకరు చదివి వినిపిస్తారు. ఏళ్లతరబడి రసీదు పుస్తకం దగ్గర పెట్టుకున్న ఒకావిడ దాన్ని అప్పగించే రోజు కన్నీళ్లు పెట్టుకుంది. “నన్ను పక్కన పెడుతున్నావా దీదీ?” అంది. ఆమె నాకంటే పెద్దది, అయినా నన్ను దీదీ అనే పిలుస్తుంది. ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. పాతవాళ్లకి వాళ్ల అనుభవానికి తగిన చోటు చూపించకుండా జరగమంటే అది అవమానమే. సూరజ్‌పుర్‌లోని కలెక్టరేట్‌కి వెళ్లడం, ఇన్‌స్పెక్టర్‌తో మాట్లాడటం, 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం కింద జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు రాయించడం, ఇవి ఆమెకి కొట్టిన పిండి. ఇప్పుడు అలాంటి పనుల మీద వెళ్లినప్పుడల్లా ఒక కొత్తామెని వెంట తీసుకెళుతుంది. కొత్తామె మాట్లాడక్కర్లేదు, పక్కన కూర్చుని చూస్తే చాలు. తిరిగొచ్చేటప్పుడు ఇ-రిక్షాలో ఇద్దరూ మాట్లాడుకునే మాటలు నేను నడిపే ఏ శిక్షణ తరగతిలోనూ దొరకవు.

ఈమధ్య కొత్తవాళ్లు ఎక్కువగా అడుగుతున్నది సంఘం ఇచ్చే కార్డు గురించి. 2025 జులైలో గురుగ్రామ్‌లో బెంగాలీ మాట్లాడే కూలీలను పట్టుకుని ఆరా తీయడం మొదలయ్యాక అక్కడి బస్తీలు ఖాళీ అయ్యాయి. ఆ భయం ఇక్కడిదాకా పాకింది. “సంఘం కార్డు ఉంటే పోలీసులు పట్టుకోరా దీదీ?” అని అడుగుతారు. అవునని చెబితే ఆ రోజే యాభైమంది చేరతారు. నేను చెప్పను. “ఇది పౌరసత్వం కాగితం కాదమ్మా. పట్టుకుంటే ఫోన్ చెయ్యడానికి కార్డు వెనక ఒక నంబరుంది. ఏ వేళైనా ఎత్తుతాం, వస్తాం. ఇంతే” అంటాను. కొందరు లేచి వెళ్లిపోతారు. ఉన్నవాళ్లు మాత్రం ఏం దొరుకుతుందో తెలిసి ఉంటారు. చట్టం సంగతీ అలాగే ఉన్నదున్నట్టు చెబుతాను. ఇంటిపనివాళ్ల హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒడంబడికను 2011 జూన్ 16న ఆమోదించింది. మన దేశం దానికి అనుకూలంగా ఓటేసింది గానీ ఇంకా ధ్రువీకరించలేదు. ఇంటిపనివాళ్ల కోసం ఒక చట్టం సంగతి ఆలోచించమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. రేపే చట్టం వస్తుందని ఆశ పెట్టి సభ్యుల్ని చేర్చుకుంటే, ఎల్లుండి వాళ్లకి మొహం చూపించలేం.

నోయిడాలో మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు, ఎక్కువగా కంప్యూటర్ ఉద్యోగాల్లో. ఉగాదికో, కార్తీక వనభోజనాలకో కలిసినప్పుడు నా పని గురించి విని కొందరు పిల్లలు, “అక్కా, మేమేం చేయగలం?” అని వస్తారు. మనసున్న పిల్లలు. వాళ్లకి నేను మొదట చెప్పేది, మీ ఇంట్లో పనిచేసే ఆమెకి వారానికో సెలవు, పండక్కో జీతం, జ్వరమొస్తే జీతం కొయ్యకుండా విశ్రాంతి ఇవ్వమని. ఆ తర్వాత మధ్యాహ్నం రెండింటికి రాగలిగితే ఈ-శ్రమ్ దరఖాస్తులు నింపే దగ్గర కూర్చోబెడతాను. తామే నింపేసి ఇచ్చేవాళ్లు కొన్నాళ్లకి అలసిపోతారు. పక్కన ఒక సభ్యురాలిని కూర్చోబెట్టుకుని ఆమె వేలితో నొక్కించేవాళ్లు నిదానంగా చేస్తారు, ఎక్కువకాలం ఉంటారు. వాళ్లు రాని రోజున కూడా పని నడుస్తుంది.

ఇప్పుడు సోర్ఖా వైపు ఆడవాళ్లు తమ దగ్గరా సంఘం మొదలుపెట్టమని అడుగుతున్నారు. ఎవరు వెళ్లాలన్న దాని మీద మాలో వాదన నడుస్తోంది. అనుభవం ఉన్నవాళ్లు వెళ్లాలని పాతవాళ్లంటారు. అక్కడ మాట తప్పుగా పోతే పనులు పోతాయన్న వాళ్ల భయం నిజమైనదే. ఏడాది కిందట చేరిన ఇద్దరు వెళ్లాలని, పాతవాళ్లలో ఒకరు తోడుగా మాత్రమే కూర్చోవాలని నా పట్టు. ఆ ఇద్దరిలో ఒకరు మన మాల్దా అమ్మాయే. సోర్ఖాలో మీటింగు పెట్టడానికి గది ఇస్తానన్న ఆమె ఇంతవరకు ఏ సంఘం మీటింగుకీ రాలేదు. ఆ పూట ఏం అడగాలో, ఏం అడగకూడదో ఆ ఇద్దరూ ఇప్పటినుంచే రాసుకుంటున్నారు, ఒకరు బెంగాలీలో, ఒకరు హిందీలో. వచ్చే మంగళవారం మీటింగులో ఈ సంగతి చేతులెత్తి తేల్చుకుంటాం.